ఆటస్థలం నుంచి అద్దాల గదికి

మూడు నెలల క్రితం ఒక ఉదయం దినపత్రిక మడతలో రంగుల కరపత్రం ఒకటి వచ్చింది. మా వీధి చివర కొత్తగా తెరిచిన జిమ్‌ది. ‘ఒలింపిక్ ఛాంపియన్‌లా తయారవండి’ అని పైన పెద్ద అక్షరాలు. బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్న ఒక విదేశీ యువతి ఫోటో. దాని కింద వారం పట్టిక: సోమ, బుధవారాలు బాక్సింగ్, మంగళ, గురువారాలు ఒలింపిక్ లిఫ్టింగ్, శనివారం ‘రేస్ డే’. అట్టడుగున, ఆరు వారాల్లో ఆరు కిలోలు తగ్గకపోతే డబ్బు వాపసు అని హామీ. ఛాంపియన్ కావడానికీ, ఆరు కిలోలు తగ్గడానికీ ఏమిటి సంబంధమని ఆ కాగితం రాసినవాళ్ళకు అనుమానమే వచ్చినట్టు లేదు.

ఈ సంచిక సంపాదకీయం దీని మీద రాస్తానంటే మా సంపాదకవర్గంలో ఒకరు నొచ్చుకున్నారు. గృహహింస కేసులు, అంగన్‌వాడీల జీతాలు, ఒంటరి స్త్రీల భూమి పట్టాలు, ఇన్ని ఉండగా డబ్బున్నవాళ్ళు ఒళ్ళు తగ్గించుకునే గొడవ మనకెందుకని ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ మా కార్యాలయానికి వచ్చే యువతులు ఇద్దరు అప్పటికే ఆ క్లాసులో చేరారు. ఇద్దరూ డబ్బున్నవాళ్ళు కాదు. ఒకామె బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది, ఇంకొకామె నర్సు. జీతంలో మిగిలేదంతా అక్కడే పెడుతున్నారు. ఎందుకు పెడుతున్నారో తెలుసుకోవాలనిపించి నేను కూడా వాళ్ళతో నాలుగైదుసార్లు వెళ్ళి ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. శరీరం మీద హక్కు అని మనం మూడు దశాబ్దాలకు పైగా మాట్లాడుతున్నాం. దెబ్బలు తినకుండా ఉండే హక్కు గురించి, గర్భం గురించి, పని స్థలంలో వేధింపుల గురించి పోరాడాం. ఆ శరీరం పరుగెత్తడం గురించి, బరువెత్తడం గురించి, ఊరికే ఆడుకోవడం గురించి మన పేజీల్లో చర్చ తక్కువే.

ముందు ఆ క్లాసు ఎలా ఉంటుందో చెబుతాను. ఒక పక్క గోడంతా అద్దాలు. పైనుంచి వేలాడే బరువైన సంచులు. చేతులకు పొడుగాటి పట్టీలు చుట్టుకుని గ్లవ్స్ తొడుక్కుంటారు. పెద్ద సౌండుతో పాట మొదలవుతుంది. జాబ్, క్రాస్, హుక్, అప్పర్‌కట్ అని ట్రైనర్ అరుస్తుంటే అందరూ ఆ వరసలో సంచిని గుద్దుతారు. యాభై నిమిషాలు. ఎదురుగా మనిషి ఉండడు, తిరిగి కొట్టేవాళ్ళు ఉండరు. దెబ్బ కాచుకోవడం ఎలాగో పేరుకి చూపిస్తారు. నిజమైన బాక్సింగ్‌లో సగం విద్య తప్పించుకోవడంలో ఉంటుందని తెలిసినవాళ్ళు చెబుతారు. అది ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ఇక్కడ కావలసింది చెమట.

అయినా నేను చూసిన ఆనందం అబద్ధం కాదు. నర్సు అమ్మాయి మొదటి వారం సంచిని గుద్దాలంటే చెయ్యి వెనక్కి లాక్కునేది. ఎవరినో నొప్పించినట్టు ‘సారీ’ అనేది, సంచికి. మూడో వారానికి సంచి ఊగడం మొదలైంది. “అక్కా, నా చేతుల్లో ఇంత బలం ఉందని నాకు తెలియదు” అంది బయటికొచ్చాక. పుట్టినప్పటి నుంచి మెల్లగా నడువు, గట్టిగా నవ్వకు, కాళ్ళు దగ్గర పెట్టి కూర్చో అని పెంచిన పిల్లకి ఇరవై ఏడో ఏట తన భుజం తనదని తెలిసిందంటే దాన్ని మధ్యతరగతి మోజు అని కొట్టిపారెయ్యడానికి నాకు మనసు ఒప్పలేదు. ఫ్యాషన్ అంటూ వెక్కిరించే మన అలవాటులో కొంచెం మన అమ్మమ్మల గొంతు కూడా వినిపిస్తుంది.

కాని ఆ బలాన్ని అక్కడ కొలిచేది దేనితో? తూకం యంత్రంతో. క్లాసుకి ముందు, తర్వాత, వారానికోసారి. గోడ మీద ‘అప్పుడు, ఇప్పుడు’ ఫోటోలు. అప్పుడు లావు, ఇప్పుడు సన్నం. ఎవరు ఎంత బరువెత్తారో ఎక్కడా రాసి లేదు, ఎవరు ఎంత తగ్గారో మాత్రం రాసి ఉంది. ఒలింపిక్ లిఫ్టింగ్ అని పేరు పెట్టిన క్లాసులో కూడా ఆడవాళ్ళకి రంగురంగుల చిన్న డంబెల్స్ ఇచ్చి, “మేడమ్, ఎక్కువ వేస్తే చేతులు మగాళ్ళలా అయిపోతాయి” అని ట్రైనరే చెప్పడం విన్నాను. ఇది శాస్త్రం కాదు. మగవాళ్ళలో కండ అంతగా పెరగడానికి ప్రధాన కారణమైన టెస్టోస్టెరాన్ ఆడవాళ్ళలో చాలా తక్కువ. బరువులెత్తితే ముందు పెరిగేది బలం. నెలసరి ఆగాక ఎముకలు పలచబడే వయసులో ఆ బలం ఎంత పనికొస్తుందో డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. అందులో ఆడవాళ్ళకి చిన్న డంబెల్స్ అని ఎక్కడా లేదు.

ఒలింపిక్స్ పేరు చెప్పి అమ్ముతున్నారు కాబట్టి ఆ ఒలింపిక్స్ తలుపు ఆడవాళ్ళకి ఎలా తెరుచుకుందో కూడా గుర్తు చేసుకోవాలి. మగవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళకి 2000లో, సిడ్నీలో గాని రాలేదు. ఆ మొదటిసారే మన శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. బాక్సింగ్ సంగతి ఇంకా ఆలస్యం. మగవాళ్ళకి 1904 నుంచి ఉన్నది ఆడవాళ్ళకి 2012 లండన్‌లో వచ్చింది. అదీ మగవాళ్ళకి పది బరువు విభాగాలైతే ఆడవాళ్ళకి మూడు. మేరీ కోమ్ కాంస్యం గెలిచింది అప్పుడే. దానికి ముందు అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం ఇంకొక గొప్ప ఆలోచన చేసింది. ఆడ బాక్సర్లు స్కర్టులు వేసుకుంటే టీవీలో చూసేవాళ్ళకి మగవాళ్ళు కాదని తెలుస్తుందట! బాక్సర్లు ఎదురు తిరిగాక, ఇష్టమున్నవాళ్ళే వేసుకోవచ్చని సర్దుకున్నారు. రింగులో నిలబడ్డ మనిషిని కూడా ముందు ఆడదిగా కనిపించమన్న ఆ పెద్దమనుషులకీ, తూకం యంత్రం పక్కన నిలబడ్డ మా వీధి ట్రైనరుకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

బరువు అనేది పోటీల్లో ఉన్న స్త్రీలని కూడా ఎలా వేధిస్తుందో 2024 ఆగస్టులో పారిస్‌లో చూశాం. 50 కిలోల విభాగంలో ఫైనల్‌కి చేరిన వినేష్ ఫోగట్ 100 గ్రాములు ఎక్కువుందని అనర్హురాలైంది. రాత్రంతా తిండీ నీళ్ళూ మాని, వ్యాయామం చేసి, జుట్టు కత్తిరించుకుని కూడా ఆ వంద గ్రాములు దిగలేదు. అది ఆట నియమం, ఆమె సమ్మతించి దిగిన నియమం. అదే బరువు తగ్గించే పిచ్చిని ఏ పోటీలోనూ లేని బట్టల దుకాణం అమ్మాయి మీద రుద్ది, ‘ఛాంపియన్ల క్రమశిక్షణ’ అని పేరు పెట్టడం వేరే సంగతి. మా ఇద్దరిలో ఒకామె ట్రైనర్ మాట విని రాత్రి భోజనం మానేసింది. నెల తిరిగేసరికి ఆఫీసులో కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే రక్తం ఎనిమిది గ్రాములు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో అధిక బరువు ఉన్న స్త్రీలు ఆంధ్రలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. లావుగా ఉన్న మనిషికి రక్తం పుష్కలంగా ఉంటుందనే భ్రమ మన ఇళ్ళలోనే కాదు, జిమ్ముల్లో కూడా ఉంది. చేరేటప్పుడు నడుం కొలతలు తీసుకున్నారు గాని రక్తపరీక్ష సంగతి ఎవరూ అడగలేదు.

ఇక శనివారం ‘రేస్ డే’. 2017లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలైన హైరాక్స్ అనే పోటీకి ఇది నకలు. దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకాయన హాకీలో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు. ఒక కిలోమీటరు పరుగు, ఒక కష్టమైన పని, మళ్ళీ పరుగు, అలా ఎనిమిది సార్లు. 2025లో ముంబయికి కూడా వచ్చింది. ఆ పనుల్లో ఒకదాని పేరు ‘ఫార్మర్స్ క్యారీ’, అంటే రైతు మోత. ఆడవాళ్ళ సాధారణ విభాగంలో రెండు చేతుల్లో చెరో 16 కిలోలు పట్టుకుని 200 మీటర్లు నడవాలి. ఆ జిమ్ కిటికీలోంచి చూస్తే ఎదురుగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇసుక తట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతున్నారు.

ఇక్కడ ఆగి, ‘చూశారా, కూలి చేసుకునేవాళ్ళకి జిమ్ అక్కర్లేదు’ అనడం తేలిక. చాలామంది అంటారు కూడా. ఇల్లు ఊడ్చి తుడిస్తే అదే వ్యాయామం అని కోడళ్ళకి చెప్పే అత్తగార్ల మాట ఇది. కాని మోత వేరు, సాధన వేరు. సాధనలో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, సాధన తర్వాత గుడ్డో పప్పో కడుపులో పడుతుంది, నొప్పి వస్తే ఆపే హక్కు ఉంటుంది. తట్ట మోసే స్త్రీకి మొదటి రోజే పూర్తి బరువు. నడుం నొప్పి అంటే ఆ రోజు కూలి పోతుంది. ఒకే బరువు ఒక శరీరాన్ని కడుతుంది, ఇంకొకదాన్ని అరగదీస్తుంది. తేడా ఉన్నది ఇనుములో కాదు, విశ్రాంతిలో, తిండిలో, ‘వద్దు’ అనగలగడంలో. ఆ జిమ్ నేల తుడిచే అమ్మాయిని ఎప్పుడైనా ఆ సంచిని గుద్దావా అని అడిగాను. “ఎందుకమ్మా, సార్ చూస్తే తిడతాడు” అంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం వాళ్ళ వయసులు. నేను మాట్లాడిన పదిమందీ పాతికకీ నలభైకీ మధ్యవాళ్ళు. చిన్నప్పుడు ఏం ఆడేవారని అడిగితే ముఖాలు వెలిగాయి. ఖోఖో, కబడ్డీ, తొక్కుడు బిళ్ళ. ఒకామె మండల స్థాయి పరుగుపందెంలో మొదటి బహుమతి. ఎప్పుడు ఆపేశారంటే అందరిదీ ఒకటే జవాబు. పెద్దమనిషి అయ్యాక, లేదా పదో తరగతిలో, లేదా ఇంటర్‌లో. ఎండలో నల్లబడితే పెళ్ళెలా అవుతుందన్నారు, నిక్కరు వేసుకోవద్దన్నారు, నెలసరి రోజుల్లో గ్రౌండ్ దగ్గర మరుగుదొడ్డి లేదు. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ భవనాల్లో నడిచే కార్పొరేట్ కాలేజీలు. తెల్లారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. ఆ కాలేజీల్లో రెండేళ్ళు గడిపిన పిల్లలు ఎండ మొహం చూసింది సెలవుల్లోనే. విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాశారు గాని ఆ చట్టం పద్నాలుగేళ్ళ దగ్గర ఆగిపోతుంది, సరిగ్గా ఆడపిల్ల ఆట కూడా ఆగిపోయే వయసు దగ్గర. పదమూడో ఏట ఉచితంగా ఉన్నదాన్ని లాక్కున్నారు. ముప్ఫయ్యో ఏట దాన్నే అద్దాలు బిగించి, ఇంగ్లీషు పేరు పెట్టి, మూడు నెలల ఫీజు ముందే కట్టించుకుని అమ్ముతున్నారు.

పేరు ఇంగ్లీషుదే కావాలి మరి. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన ఆడవాళ్ళ కబడ్డీ జట్టు స్వర్ణం గెలిచింది. ఊపిరి, కాళ్ళ బలం, చురుకుదనం కావాలంటే కబడ్డీని మించినది ఏముంది? ఏ జిమ్ పట్టికలోనూ నాకది కనిపించలేదు. కబడ్డీకి మట్టి నేల, పద్నాలుగు మంది మనుషులు చాలు. అమ్మడానికి అందులో వస్తువేమీ లేదు.

ఆ ఫోటోలోని ఛాంపియన్లను తయారుచేసింది కూడా అద్దాల గది కాదు. నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. బాక్సింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు లేరని చిన్నప్పుడు అడిగితే ఆమె తండ్రి జమీల్ అహ్మద్ ఆమెను రింగు దగ్గరికే తీసుకెళ్ళాడు. నిక్కర్లు వేసుకుని ఆడే ఆట ఆడపిల్లకెందుకని బంధువులు, తెలిసినవాళ్ళు అన్న మాటలు ఆ కుటుంబం భరించింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధో వైకల్యంతో పుట్టింది. ఊళ్ళో ఎగతాళి, ఇంట్లో కూలి బతుకు. బడి స్థాయి పోటీల్లో పరుగెత్తుతుంటే కోచ్ ఒకాయన కంట పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం. ఇలాంటి పిల్లలకి కావలసింది ఊరి బడి మైదానం, జీతం వచ్చే ప్రభుత్వ కోచ్, హాస్టల్లో కడుపునిండా తిండి, పక్కన నిలబడే ఒక్క మనిషి. ఇందులో ఏ ఒక్కటీ మా వీధి కరపత్రంలో లేదు.

టైమింగ్స్ గురించి కూడా చెప్పాలి. మంచి ట్రైనర్లు, మొత్తం యంత్రాలు దొరికేది ఉదయం అయిదు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. సరిగ్గా పొయ్యి దగ్గర ఉండవలసిన సమయాలు. అందుకని పదకొండింటికి ‘లేడీస్ బ్యాచ్’ పెట్టారు. అప్పుడు ఏసీ ఉండదు, సగం లైట్లే, కొత్తగా చేరిన కుర్రవాడు ట్రైనర్. ఫీజు మాత్రం అంతే. ఉద్యోగం చేసే స్త్రీకి ఆ బ్యాచ్ కూడా అందదు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు పెడితే, ఆ పని చేసే పురుషులు పెట్టేది 88 నిమిషాలు. లెక్కలు రాసే అమ్మాయి సాయంత్రం క్లాసుకి రావడానికి మధ్యాహ్నం భోజన విరామంలోనే రాత్రి కూర కోసిపెట్టుకుంటుంది. ఆమె భర్త కూడా అదే జిమ్‌లో సభ్యుడు. ఆయన ఏ కూరా కొయ్యడు.

ఇంకొకటి మన పనికి నేరుగా సంబంధించినది. వ్యాయామం నేర్పేటప్పుడు ఒళ్ళు ముట్టుకోవడం తప్పదనే మాట చాటున ఏమేమి జరుగుతుందో ఆ పదిమందిలో ముగ్గురు చెప్పారు. నడుం సరిచేసే చెయ్యి అక్కడే ఉండిపోవడం, అడక్కుండా వీడియోలు తియ్యడం, రాత్రి పదకొండుకి ‘డైట్’ గురించి మెసేజీలు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇంట్లో తెలిస్తే రావడమే మాన్పిస్తారని భయం. అంతర్జాతీయ పతకాలు తెచ్చిన కుస్తీ క్రీడాకారిణులే సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో 2023లో జంతర్ మంతర్ దగ్గర వారాల తరబడి కూర్చోవలసి వచ్చింది. సుప్రీంకోర్టు గడప తొక్కాకే పోలీసులు కేసు నమోదు చేశారు. మే 28న వాళ్ళని రోడ్డు మీద ఈడ్చి వ్యాన్లు ఎక్కించిన దృశ్యం మనం మరిచిపోలేదు. 2024 మేలో ఢిల్లీ కోర్టు ఆయన మీద అభియోగాలు నమోదు చేసింది. దాదాపు సగం క్రీడా సమాఖ్యల్లో చట్టం కోరిన ఫిర్యాదుల కమిటీలు సరిగా లేవన్న వార్తల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా 2023 మేలో నోటీసులిచ్చింది.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ‘పని స్థలం’ అన్నదాన్ని ఆఫీసులకీ ఫ్యాక్టరీలకీ పరిమితం చెయ్యలేదు. క్రీడా శిక్షణ సంస్థలు, స్టేడియాలు, క్రీడా సముదాయాలు, పోటీలు జరిగే చోట్లు, శిక్షణకు వాడేవన్నీ అందులో పేరు పెట్టి చేర్చారు. బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న చోటయితే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. ఈ నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి మా ఇద్దరు యువతులు ఆ జిమ్‌లో దుస్తులు మార్చుకునే గది తలుపుకి అంటించారు. రెండు రోజుల్లో ఎవరో చించేశారు. మళ్ళీ అంటించారు. మూడోసారికి మేనేజరే పిలిచి, కమిటీ వేస్తాం, కాగితం తీసెయ్యండి అన్నాడు. కమిటీ వేశాక తీస్తామన్నారు వీళ్ళు. ఇది రాసేనాటికి కాగితం అక్కడే ఉంది.

జిమ్‌కి వెళ్ళవద్దని ఎవరికీ చెప్పబోవడం లేదు. నర్సు అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు మా పక్క బస్తీలోని ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ఆడపిల్లలకి జాబ్, క్రాస్ నేర్పుతోంది. ఇద్దరికి ఒక జత చొప్పున పాత గ్లవ్స్ వంతులేసుకుంటున్నారు. హెడ్‌మాస్టరు గేటు తాళం ఇవ్వడానికి నాలుగు వారాలు తిప్పించాడు. సాయంత్రాలు ఆ మైదానంలో క్రికెట్ ఆడే మగపిల్లలకి తాళం ఎవరిచ్చారని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

మీ మీ ఊళ్ళలో ఇలాంటి తాళాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలుసుకోవాలని ఉంది. మీరు పనిచేసే మండలంలో ప్రభుత్వ మైదానాలు ఎన్ని, అందులో ఆడపిల్లలు ఏ వేళ కనిపిస్తారు, మరుగుదొడ్డి, నీళ్ళు, దీపాలు ఉన్నాయా, కోచ్ పోస్టు ఖాళీగా ఉందా, ఉన్న కోచ్ మీద ఫిర్యాదు ఇవ్వాలంటే ఎవరికివ్వాలో ఆ పిల్లలకి తెలుసా, ఊళ్ళోని జిమ్‌లో కమిటీ ఉందా, ఇవన్నీ చూసి రాయండి. పేర్లు రాయనక్కర్లేదు, చోటు రాస్తే చాలు. వచ్చే సంచికలో రెండు పేజీలు వీటికోసం ఖాళీగా ఉంచుతున్నాం. జిల్లా క్రీడాధికారులకు, కలెక్టర్లకు ఇవ్వబోయే వినతిపత్రంతో పాటు ఆ పేజీలు కూడా జతచేస్తాం.